ట్రాముల మీద నవ్వింది నేనే

నేను ఒక మహా ఆటగాడి నోట్లో పన్నెండేళ్ళకు పైగా కాపురం చేసిన పళ్ళ సెట్టును. కట్టుడు పళ్ళు అనగానే అలా మూతి తిప్పకండి. ముప్ఫై రెండూ ఊడినవాళ్ళు పెట్టుకునే గంపగుత్త సరుకును కాను నేను. పైవరసలో ముందువి నాలుగంటే నాలుగు. గులాబీరంగు ప్లేటు మీద ముత్యాల్లా కూర్చున్న నాలుగు పళ్ళు. ముత్యాలన్నది నా మాట కాదు, ఆ ఊరి పత్రికల మాట. నన్నడిగితే ఇంకాస్త పెద్ద మాటే చెప్పి ఉండేదాన్ని.

పుట్టింది మెల్‌బోర్న్ నగరంలోనే అయినా నాకు తెలుగు వచ్చు. నన్ను తయారుచేసినవాడు కాకినాడ మనిషి, తాడి గవర్రాజు. అక్కడ ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఇరవై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేశాడు. ఆయన భార్య నూకరత్నం నర్సు. ఆవిడకి మెల్‌బోర్న్ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే, ఆవిడ ముందూ, రెండు పెట్టెలూ ఒక ఆవకాయ జాడీ మోసుకుంటూ ఈయన వెనకా విమానం దిగారు. ఇక్కడా ఒక పళ్ళ డాక్టరు వెనకగదిలో పని దొరికింది. ఆ గదిలో మాట్లాడేందుకు ఇంకో మనిషి లేడు గనక మాతోనే మాట్లాడేవాడు.

"ఆయ్, అలా కాదే! కాస్త లోపలికి జరుగు. ఎత్తుపళ్ళదానివంటారు రేపు," అని నా నడుం మీద ఆకురాయి పెట్టి గీకేవాడు. గీకి, దూరం పెట్టి చూసి, మళ్ళీ గీకేవాడు. "నాలుగిళ్ళు తిరిగేదానివి. నా పరువు తియ్యకు," అని చెప్పి మరీ పంపించాడు. నేను తిరగబోయే చోటు నాలుగిళ్ళు కాదని, ఊరంతా అని పాపం ఆయనకు తెలియదు.

నన్ను చేయించుకున్నవాడికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. పేరు క్లెమ్ పెన్రోజ్. కుకబర్రా క్లబ్బులో కొత్తగా చేరిన ఆటగాడు. కుకబర్రా అంటే అక్కడి పిట్ట. మనిషిలా పగలబడి నవ్వుతుంది. ఆ క్లబ్బు ఆట చూసి నవ్వేదని పేరు పెట్టారో ఏమో గాని, వాళ్ళు అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా ఏ కప్పూ గెలవలేదు.

వాళ్ళాడే ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. మైదానం కోడిగుడ్డు ఆకారం, బంతీ కోడిగుడ్డు ఆకారమే. జట్టుకు పద్దెనిమిది మంది. బంతిని తన్నొచ్చు, పట్టుకొని పరిగెత్తొచ్చు, పిడికిలితో గుద్దొచ్చు. ఎదుటివాడి వీపెక్కి, భుజాల మీద మోకాళ్ళు ఆనించి, గాల్లో బంతి పట్టుకుంటే తప్పు కాదు సరికదా, జనం లేచి చప్పట్లు కొడతారు. మన వైపు ఎవడైనా అలా వీపెక్కితే పెద్దమనుషులను పిలిచి పంచాయితీ పెడతాం.

క్లెమ్ మొదటి ఆటలోనే అలా ఒకడి వీపెక్కాడు. బంతి పట్టాడు. కిందికి దిగేటప్పుడు ఎవడిదో మోచెయ్యి వచ్చి నోటికి తగిలింది. నాలుగు పళ్ళు ఎగిరి గడ్డిలో పడ్డాయి. వెతికే తీరిక లేక రక్తం మింగేసి, ఎవరికీ తెలియకుండా పెదవులు బిగించి, ఆ బంతిని తన్ని గోలు చేసి, ఆట అయ్యేదాకా ఆడాడు. ఆ నాలుగూ ఇప్పటికీ దొరకలేదు. ఆ ఖాళీలోకే నేను కాపురానికి వచ్చాను.

వచ్చీ రాగానే నా జాతకం తిరిగింది. రెండేళ్ళకల్లా క్లెమ్ లీగులో అందరికంటే ఎక్కువ గోళ్ళు కొట్టాడు. చేతిగోళ్ళు కావు లెండి, ఆటలో గోలులు. పత్రికలు ఫోటోలు వేశాయి. ఆ ఫోటోల్లో నన్ను చూసి ఒక టూత్‌పేస్టు కంపెనీవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. నెల తిరిగేలోగా ఊళ్ళో ట్రాముల పక్కన బారెడు పొడుగు బొమ్మ! క్లెమ్ మొహం అందులో మూడు వంతులకు పైగా నోరే, నోరంతా నేనే. కింద 'పెన్రోజ్ నవ్వు మీకూ కావాలా?' అని రాశారు. నేను పుట్టాక ఒక్కసారీ టూత్‌పేస్టు రుచి చూసిన దాన్ని కాను. రాత్రిపూట గ్లాసుడు నీళ్ళలో పడి నిద్రపోయేదాన్ని, అంతే.

గవర్రాజు పనికి వెళ్తూ రోజూ ఆ ట్రామే ఎక్కేవాడు. బొమ్మ ముందు ఆగి, తలొంచి, నా వంపు చూసుకొని, ఎవరికీ చెప్పకుండా మీసం తిప్పుకొనేవాడట. భార్యకు కూడా చెప్పలేదు. ఎవరి పళ్ళు ఎవరివో బయటపెట్టకపోవడం ఆయన వృత్తిలో పరువు. తర్వాత్తర్వాత విన్నాను.

ఈ రహస్యం తెలిసిన మనిషి క్లబ్బులో ఒక్కడే, ఆర్చీ. ఆటగాళ్ళ కాళ్ళకు నీలగిరి తైలం పట్టించి మర్దనా చేసే ముసలాయన. నలభై ఏళ్ళుగా అదే పని. ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉండేది. ఆటకు ముందు కట్టుడు పళ్ళున్నవాళ్ళు వాటిని తీసి, చేతిరుమాల్లో చుట్టి ఆర్చీకి ఇస్తారు. ఆర్చీ వాటిని ఒక బిస్కెట్ల రేకుడబ్బాలో పెట్టి, ఆట అయ్యేదాకా చంకలోంచి దించడు. పెట్టుకొని ఆడితే విరిగి గొంతులో ఇరుక్కుంటాయని భయం. మిగతావాళ్ళు అందరి ముందే తీసి ఇచ్చేవాళ్ళు. క్లెమ్ మాత్రం మైదానంలోకి దిగే ముందు ఆర్చీ తువ్వాలు అడిగి మొహం తుడుచుకొనేవాడు. ఆ తుడుపులో నేను తువ్వాల్లోకి జారిపోయేదాన్ని. ఆట అయ్యాక మళ్ళీ తువ్వాలు, మళ్ళీ తుడుపు, తువ్వాలు దించేసరికి ట్రాము మీది నవ్వు.

మధ్యలో రెండు గంటలు క్లెమ్ నోరు తెరిచేవాడు కాదు. గోలు కొట్టినా పెదవి విప్పడు, తన్నులు తిన్నా కిక్కురుమనడు. పత్రికలవాళ్ళు ఇదేదో తపస్సు అనుకున్నారు. 'గంభీర వీరుడు' అన్నారు. 'అతని మౌనం ఎదుటి జట్టును వణికిస్తుంది' అని ఒకాయన పేజీడు రాశాడు. నేను డబ్బాలో పడుకొని ఆర్చీ చదువుతుంటే విని నవ్వుకొనేదాన్ని.

పన్నెండేళ్ళు ఇలాగే గడిచాయి. రెండుసార్లు లీగులో ఉత్తమ ఆటగాడి మెడల్ వచ్చింది. రెండువందల నలభై ఆటలు ఆడాడు. కాని కుకబర్రాలు ఐదుసార్లు ఫైనల్ గడప దాకా వెళ్ళి ఐదుసార్లూ వెనక్కి వచ్చారు. క్లెమ్‌కు ముప్ఫై ఒకటి నిండాయి. మోకాలు మొండికేసింది. ఈ ఏడే ఆఖరని డాక్టరు చెప్పేశాడు. అలాంటి ఏడాది సెమీఫైనల్లో పెలికన్ల జట్టు మీద కుకబర్రాలు గెలిచారు. నలభై ఏళ్ళ తర్వాత ఫైనల్! వచ్చే శనివారమే.

అసలు గొడవ ఆ సెమీఫైనల్ ఆఖరి నిమిషాల్లో వచ్చింది. బంతి కోసం ఓ ఏడెనిమిది మంది ఒకడి మీద ఒకడు పడ్డారు. ఆ కుప్ప అడుగునుంచి పెలికన్ల ఆటగాడు ట్రెవర్ గ్రబ్ చెవి పట్టుకొని కేకలేస్తూ బయటికొచ్చాడు. చెవి మీద పళ్ళ గాట్లు. పక్కనే ఉన్నవాడు క్లెమ్. అంపైరు జేబులోంచి పుస్తకం తీసి క్లెమ్ పేరు రాసుకున్నాడు. అలా రాసుకుంటే మంగళవారం సాయంత్రం లీగు ట్రిబ్యునల్ ముందు హాజరు కావాలి. కొరికాడని తేలితే నాలుగు ఆటలు నిషేధం. అంటే ఫైనల్ లేదు. ఫైనల్ లేకపోతే క్లెమ్‌కు ఇక ఆటే లేదు.

అదే సమయానికి సైరన్ మోగింది. అక్కడ ఆట అవగానే జనం కంచె దూకి మైదానంలోకి ఉరుకుతారు, అదో అలవాటు. ఉరికిన వాళ్ళలో ఎవడో ఆర్చీని గుద్దాడు. ఆర్చీ ఒకవైపు, డబ్బా ఒకవైపు, రుమాళ్ళు ఒకవైపు, మేము ఐదు సెట్లమూ గడ్డిలో! నలభై ఏళ్ళ కల పండిన ఆనందంలో ఆర్చీ అప్పటికే ఏడుస్తున్నాడు. కళ్ళనిండా నీళ్ళతో మోకాళ్ళ మీద పాకుతూ మమ్మల్ని ఏరి, చేతికందిన రుమాల్లో చేతికందిన సెట్టును చుట్టాడు.

అంతే నా బతుకు. రుమాలు విప్పేసరికి నేను టైనీ అరచేతిలో ఉన్నాను. టైనీ అంటే బుల్లివాడు అని అర్థం. క్లెమ్ జట్టులోనే ఆడే ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. వాడికీ పైవరసలో ముందు నాలుగూ లేవు. నన్ను చూడనైనా చూడకుండా నోట్లో కుక్కుకొని పాట అందుకున్నాడు. ఆ నోటి గురించి మర్యాద కొద్దీ ఎక్కువ చెప్పను. ‘పై’ అని మాంసం కూరిన కజ్జికాయ లాంటిది, దానిమీద టమాటా సాసు, దానిమీద బీరు, మళ్ళీ పై. ఆదివారం పొద్దుపోయేదాకా అదే వరస. నేను వాడికి వదులు. మాట్లాడితే ఈల వస్తోంది. వాడు దానికి తెగ మురిసిపోయి, అడిగినవాడికీ అడగనివాడికీ ఈల వేసి చూపించాడు. పళ్ళు మారాయేమో అన్న అనుమానం మాత్రం వాడి బుర్రకి తట్టలేదు.

సోమవారం సాయంత్రం బట్టలు మార్చుకొనే గదిలో క్లెమ్‌ను చూశాను. బెంచీ మీద కూర్చున్నాడు. ఆటలో దవడకు దెబ్బ తగిలి బుగ్గ వాచింది, చుట్టూ మఫ్లరు. ఆర్చీ ఎదురుగా నిలబడి ఉన్నాడు. క్లెమ్ మాట్లాడేందుకు మఫ్లరు కిందికి లాగాడు. లాగగానే నాకు కనిపించింది. నా ఇంట్లో, నా గూట్లో, పొడుగ్గా, ఎడంగా, ఓ మూల విరిగి, టైనీ పళ్ళు! నాకు సవతి! ఒళ్ళు మండిపోయింది. 'నాయనా, నేనిక్కడున్నాను, ఈ లంబూగాడి నోట్లో ఉన్నాను' అని అరవాలనిపించింది. మాకు మాట ఉన్నా గొంతు ఉండదు కదా.

"పళ్ళు పట్టట్లేదు ఆర్చీ," అన్నాడు క్లెమ్. "నొప్పి చంపేస్తోంది."

"వాపురా. వాపు తగ్గితే అవే కూర్చుంటాయి. ముందు రేపటి సంగతి చూడు," అన్నాడు ఆర్చీ. "ట్రిబ్యునల్లో లేచి నిలబడి చెప్పెయ్. నాకసలు ముందు పళ్ళే లేవు, దేంతో కొరకమంటారు అని అడుగు. అయిపోయె."

"అయిపోయేది నేను! పదేళ్ళుగా ట్రాముల మీద నవ్వుతున్నాను. మా అబ్బాయి మీలాగే తోముకుంటున్నాడు అని తల్లులు ఉత్తరాలు రాస్తారు. వాళ్ళకేం చెప్పను? అంతా ఉత్తిదేనమ్మా, రాత్రి గ్లాసులో పెట్టి పడుకుంటానని చెప్పనా? విలేకర్లు నా ప్రాణం తీస్తారు. నేను చెప్పను."

గుమ్మంలో నిలబడి అంతా విన్న టైనీ నోరు తెరిచాడు. ఈలతో సహా తెరిచాడు. "నీవి కూడా కట్టుడేనా? మరి నాకెందుకు చెప్పలేదురా! ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే బోసినోటివాణ్ణని కుమిలి చచ్చాను. ఇద్దరం కలిసి కుమిలేవాళ్ళం కదా!"

క్లెమ్ నవ్వలేదు. ఆర్చీ బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాడు.

"నేను ఈ క్లబ్బులో కాళ్ళు పిసకడం మొదలెట్టినప్పుడు నాకు ముప్ఫై రెండేళ్ళు," అన్నాడు. "ఇప్పుడు డెబ్బై రెండు. ఒక్క ఫైనల్ చూడలేదు. నువ్వుంటే శనివారం గెలుస్తాం. లేకపోతే గెలవం. నీ నవ్వు పోతుందని నువ్వు ఏడుస్తున్నావు. నాకు ఇంకో ఫైనల్ చూసే టైము లేదురా అబ్బాయ్. అంతకంటే నాకు చెప్పడం రాదు."

క్లెమ్ ఆర్చీ మోకాలి మీద చెయ్యి వేశాడు. చెప్తాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. నాకు మాత్రం భయం పట్టుకుంది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, క్లెమ్ గురించి కాదు, నా గురించే. రేపు నా బండారం బయటపడితే ట్రాము మీదినుంచి దిగిపోవాలి కదా అని.

మంగళవారం ట్రిబ్యునల్ గది కిక్కిరిసింది. బల్ల వెనక చైర్మన్, రిటైరైన జడ్జి. ఒక పక్క గ్రబ్, చెవికి తలపాగా అంత కట్టు. గోడ వారన విలేకర్లు. వెనక వరసలో మద్దతు పలకడానికి వచ్చిన టైనీ, వాడి నోట్లో నేను. లీగు తరఫు ప్లీడరు గాట్ల ఫోటో చూపించి, పైవరస ముందు పళ్ళు నాలుగూ స్పష్టంగా పడ్డాయని చెప్పాడు. "మిస్టర్ పెన్రోజ్ పళ్ళు ఎంత దివ్యమైనవో నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడికి ట్రాములో వచ్చినవాళ్ళంతా చూసే ఉంటారు," అన్నాడు. జనం నవ్వారు.

చైర్మన్ అడిగాడు. "మీరేమంటారు?"

క్లెమ్ లేచాడు. మఫ్లరు విప్పాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి, సెట్టు ఊడబీకి, చైర్మన్ ముందున్న సాసర్లో పెట్టాడు. టక్కుమని చప్పుడైంది.

"పందొమ్మిదో ఏట పోయాయండి," అన్నాడు క్లెమ్. పళ్ళు లేక మాట తుస్సుమంటోంది, మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఆటలో పెట్టుకోను. నేను కొరకలేదు."

విలేకర్లు ఒక్కసారిగా రాసుకోవడం మొదలుపెట్టారు. కాని ప్లీడరు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "పెట్టుకోలేదని రుజువేమిటి?" అన్నాడు. ఆర్చీ లేచి, అవి నా డబ్బాలో ఉన్నాయండీ అన్నాడు. "మీరు ఆ క్లబ్బు మనిషే కదా, ఇంకేమంటారు?" అన్నాడు ప్లీడరు. ఆర్చీకి రోషం వచ్చింది. "అయితే పళ్ళు చేసినాయన్నే అడగండి. తీసుకొచ్చాను, బయట కూర్చున్నాడు. ఆయనకీ క్లబ్బుకీ ఏ సంబంధం లేదు!"

వచ్చారు గవర్రాజు, నూకరత్నం. ఆయన కోటు వేసుకున్నాడు. కంగారు పడితే ఆయనకు ఇంగ్లీషు ఎగిరిపోతుందని ఆవిడ పక్కన నిలబడింది. చైర్మన్ సాసరు ఆయన ముందుకు తోసి, ఇవి మీరు చేసినవేనా అని అడిగాడు. గవర్రాజు కళ్ళజోడు పెట్టుకొని వంగి చూశాడు. మొహం జేవురించింది. ఇంగ్లీషు ఎగిరిపోయింది.

"ఏంటండీ ఇవి? పళ్ళా, పలుగులా? ఇలాంటియ్యి నేను చేస్తానాండీ?"

"ఇవి తన పని కాదంటున్నారండి," అని చెప్పింది నూకరత్నం.

"ఇంతింత ఎడం పెట్టి కడితే కాకినాడలో నన్ను మెయిన్ రోడ్డు మీద నిలబెట్టి చెప్పుచ్చుకు కొట్టేవోరని చెప్పవే!"

"కొలతలు కాస్త తేడాగా ఉన్నాయంటున్నారండి."

ప్లీడరు ఎగిరి గంతేశాడు. "విన్నారా! ఇవి పెన్రోజ్ పళ్ళే కావు! అసలు సెట్టును ఇంట్లో దాచి, ఎవరివో పాత పళ్ళు పట్టుకొచ్చి మనల్ని మోసం చేస్తున్నాడు!" గది గోలెత్తిపోయింది. క్లెమ్ సాసరు వంక అలా చూస్తూ నిలబడిపోయాడు. ఆర్చీ కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గూ పోయింది, ఫైనలూ పోయింది. చైర్మన్ కలం తీశాడు.

ఈ గోలంతా పట్టని మహానుభావుడు ఒక్కడే ఉన్నాడు, టైనీ. రెండు గంటలుగా కూర్చొని కూర్చొని వాడికి ఆవలింత వచ్చింది. నోరు బార్లా తెరిచాడు.

నేను గవర్రాజును చూశాను, గవర్రాజు నన్ను చూశాడు.

"అదుగో! అదుగోనండీ నా పిల్ల!"

యాభై ఏళ్ళ మనిషి కుర్చీలు దాటుకుంటూ, విలేకర్ల కాళ్ళు తొక్కుకుంటూ వచ్చేశాడు. టైనీ కూర్చొని ఉన్నా అందలేదు. పక్క కుర్చీ ఎక్కి వాడి దవడ పట్టుకున్నాడు. "తియ్యి నోరు! ఏం తినిపించావురా దీనికి, ఛీ ఛీ, ఉల్లిపాయ!" నూకరత్నం ఈసారి తర్జుమా చెయ్యలేదు. టైనీ గుడ్లు మిటకరిస్తూ ఉండగానే నేను బయటికి వచ్చాను. నా కన్నతండ్రి నన్ను కోటు చివరతో తుడిచి, చైర్మన్ ముందున్న మంచినీళ్ళ గ్లాసులో రెండుసార్లు ముంచి, తీసుకెళ్ళి క్లెమ్ చేతిలో పెట్టాడు. క్లెమ్ నన్ను పెట్టుకున్నాడు. క్లిక్కుమంది. అబ్బ, సొంత ఇల్లు సొంత ఇల్లే!

గవర్రాజు బల్ల మీది సాసరు తీసుకెళ్ళి టైనీకి ఇచ్చాడు. అవీ క్లిక్కుమన్నాయి. చైర్మన్ ఇద్దరి నోళ్ళూ మార్చి మార్చి చూశాడు.

"ఆగండి," అన్నాడు నెమ్మదిగా. "పెన్రోజ్ పళ్ళు ఇతని నోట్లోకి ఎప్పుడు వచ్చాయి?"

ఆర్చీ లేచాడు. శనివారం డబ్బా పడిపోవడం, ఏడుస్తూ ఏరడం, రుమాళ్ళు కలిసిపోవడం, అంతా అప్పుడే అర్థమై, తలకొట్టుకుంటూ చెప్పాడు. సైరన్ మోగిన నిమిషానికే టైనీ తన రుమాలు తీసుకున్నాడని కూడా చెప్పాడు.

"అంటే," అన్నాడు చైర్మన్, "ఆట ముగిసేసరికి పెన్రోజ్ పళ్ళు డబ్బాలోనే ఉన్నాయి. అతని నోట్లో ఉండి ఉంటే ఇంకొకరి పళ్ళతో కలిసేవే కావు. ఈయన పొరపాటు చెయ్యకపోతే నేను ఈయన మాట నమ్మేవాణ్ణి కాదు. రిపోర్టు కొట్టేస్తున్నాను. పెన్రోజ్ శనివారం ఆడొచ్చు. దయచేసి ఎవరైనా నాకు వేరే గ్లాసు ఇప్పించండి."

"మరి నా చెవి కొరికిందెవరు?" అని గ్రబ్ అరిచాడు. అతని పక్కనున్న పెలికన్ల కెప్టెన్ పైకప్పు వంక చాలా శ్రద్ధగా చూడటం నాకు కనిపించింది.

బుధవారం పత్రికల్లో మొదటి పేజీ అంతా మేమే. 'కట్టుడు నవ్వు' అని ఒకరు, 'గంభీర వీరుడి గుట్టు గ్లాసులో' అని ఒకరు. మధ్యాహ్నానికల్లా టూత్‌పేస్టు కంపెనీవాళ్ళు ట్రాముల మీది బొమ్మలు పీకడం మొదలుపెట్టారు. పీకని వాటిమీద ఎవరో నాలుగు పళ్ళకూ తారు పూశారు. నాకు, పదేళ్ళు ఊరి చేత మెప్పులు పొందినదానికి, తారు పూశారు! క్లెమ్ మూడు రోజులు మొహం కనబడకుండా కాలరు పైకి లాక్కొని తిరిగాడు. మార్కెట్లో ఎవరో వెనకనుంచి 'ఏం కొరుకుతావయ్యా' అని అరిస్తే, కొన్న ఆపిల్ పళ్ళు అక్కడే వదిలేసి వచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి నాకోసం కాదు, నిజంగా.

శనివారం వచ్చింది. మైదానంలోకి దిగే ముందు ఆర్చీ అలవాటు ప్రకారం తువ్వాలు పట్టుకొని నిలబడ్డాడు. క్లెమ్ దాన్ని తీసుకోలేదు. ఒక్క క్షణం ఆగి, మైదానం గీత మీద నిలబడి, లక్షమంది చూస్తుండగా వేళ్ళతో నన్ను తీసి ఆర్చీ అరచేతిలో పెట్టాడు. ఎదుటి జట్టువాళ్ళ అభిమానుల్లోంచి ఈలలు మొదలయ్యాయి. క్లెమ్ తల దించుకున్నాడు.

అప్పుడు కుకబర్రాల స్టాండులో ఒక ముసలాయన లేచాడు. నోట్లో చెయ్యి పెట్టి, తన పళ్ళ సెట్టు తీసి, గాల్లోకి ఎత్తి ఊపాడు. పక్కనున్న ముసలావిడ లేచి తనది ఊపింది. ఇంకొకరు, ఇంకో పదిమంది, చూస్తుండగానే వందలమంది! పైవి, కిందివి, పూర్తి సెట్లు, సగం సెట్లు, ఎండలో తళతళలాడుతూ గాల్లో ఊగుతున్నాయి. నా జాతి అంత ఉందని నాకే తెలియదు. మైదానంలో టైనీ తనది తీసి ఊపాడు. ఆ స్టాండులో గవర్రాజు కుర్చీ ఎక్కి, "చూడవే రత్నం, ఆ మూడోది బాగా కట్టారే!" అని అరుస్తున్నాడు. సొంత పళ్ళు గట్టిగా ఉన్నందుకు ఆయనకు ఊపేందుకు ఏమీ లేకపోయింది. ఆ లోటు తీర్చుకోవడానికి కళ్ళజోడు ఊపాడు.

క్లెమ్ తలెత్తి చూశాడు. చూసి నవ్వాడు. మైదానంలో, పట్టపగలు, నేను లేకుండా, నోరంతా తెరిచి నవ్వాడు.

ఆట గురించి నేను చెప్పలేను, డబ్బాలో ఉన్నాను. క్లెమ్ గొంతు మాత్రం విన్నాను. పన్నెండేళ్ళలో మొదటిసారి అరుస్తున్నాడు. బంతి ఇటు తన్నమంటున్నాడో, అటు తన్నమంటున్నాడో ఒక్క ముక్క అర్థం కావట్లేదు. అయినా జట్టంతా 'అలాగే క్లెమ్' అంటూ పరిగెత్తుతోంది. ఆట నాలుగో భాగం, అంటే చివరిది, ముగియబోతుండగా ఆర్చీ డబ్బాను గుండెలకు ఎంత గట్టిగా అదుముకున్నాడంటే మూత సొట్టపోయింది. సైరన్ మోగింది. రెండే రెండు పాయింట్ల తేడాతో కుకబర్రాలు గెలిచారు.

క్లెమ్ మా వైపు పరిగెత్తుకొచ్చాడు. నాకు తెలుసు, ఇప్పుడు తువ్వాలు అడుగుతాడు, కప్పు పట్టుకొని ఫోటోకి నిలబడాలి కదా, నేను లేకుండా ఎలా? డబ్బాలో సర్దుకొని కూర్చున్నాను. స్టాండులోంచి గవర్రాజు కూడా, "పెట్టుకోమనవే! ఫోటో తీస్తున్నారు, పెట్టుకోమని చెప్పవే!" అని గొంతు చించుకుంటున్నాడు. క్లెమ్ తువ్వాలు అడగలేదు. ఆర్చీని అమాంతం ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. "దించరా, నీ మోకాలు!" అని ఆర్చీ ఏడుస్తూ తిడుతున్నాడు. "పోనీ మోకాలు, ఇంకేం పని దాంతో," అన్నాడు క్లెమ్, తుస్సుమంటూనే. ఆర్చీ చంకలో డబ్బా, డబ్బాలో నేను, అలా మైదానం చుట్టూ ఊరేగాం. నన్ను ఎవరూ అడగలేదు. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

తర్వాత క్లెమ్ నన్ను అన్నం తినడానికి మాత్రం వాడాడు. నవ్వడానికి పెట్టుకోలేదు. కొన్నేళ్ళకు చిగుళ్ళు అరిగిపోయి కొత్త సెట్టు చేయించుకోవాల్సి వచ్చింది. అదీ గవర్రాజే చేశాడు, రెండో కూతురిని అదే ఇంటికి ఇస్తున్నానని నాతో చెప్పి మరీ చేశాడు. నన్ను క్లబ్బు మ్యూజియానికి ఇచ్చేశారు. గాజు పెట్టెలో ఉన్నాను, పక్కన క్లెమ్ బూట్లు, రెండు మెడళ్ళు. దీపం బాగుంటుంది. దుమ్ము పడనివ్వరు.

ఎదురు గోడకు ఒకటే ఫోటో, గోడంత. భుజాల మీద ఆర్చీ, కింద క్లెమ్, నోరు తెరిచి, ముందు నాలుగు పళ్ళూ లేకుండా. వచ్చినవాళ్ళంతా నా దగ్గర అరనిమిషం ఆగి, అక్కడికి వెళ్ళి పావుగంట నిలబడతారు. నిలబడి, తెలియకుండానే వాళ్ళూ నవ్వుతారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. పన్నెండేళ్ళు ఆ నవ్వు నాదేనని అనుకున్నదాన్ని కదా. ఇప్పుడు మ్యూజియం మూసేసి అందరూ వెళ్ళిపోయాక నేనూ ఆ ఫోటోనే చూస్తూ కూర్చుంటాను. నా తండ్రి ముందు అనకండి గాని, నేను లేకపోతేనే వాడు అందంగా ఉన్నాడు.